శోధన యంత్రం నుంచి సమాచారం: ఎంత తీసుకోవచ్చు, ఎట్లా తీసుకోవచ్చు?

మన మండలంలోని గ్రామాల పేర్లను తెలుగు, ఉర్దూ లిపులలో చూపించే పటం ఒకటి తయారుచేయాలని మా కంప్యూటరు తరగతి విద్యార్థులు కొందరు పూనుకున్నారు. సంకల్పం మెచ్చదగినదే. ఒక ప్రసిద్ధ శోధన యంత్రాన్ని క్షణానికి పలుమార్లు ప్రశ్నించి, వచ్చిన ఫలితాలను తమ పట్టికలో నింపుకొనే చిన్న ప్రోగ్రాము వ్రాశారు. సలహా ఇచ్చినవాడిని నేనే కనుక తప్పులో నాకూ భాగం కలదు. ప్రదర్శన నాటి ఉదయం ప్రయోగశాలలో ఏ కంప్యూటరు నుంచి వెదకినా, వెదుకుతున్నది మనిషో యంత్రమో నిరూపించుకొమ్మనే పరీక్షయే ఎదురైనది. కంప్యూటర్లన్నీ బయటి లోకానికి ఒకే చిరునామాతో కనిపించటం ఇందుకు కారణం. ఈ ప్రోగ్రాము ఊసే ఎరుగని ఒక విద్యార్థిని స్కాలర్‌షిప్ వివరాలు వెదకబోయి వెనుదిరిగినది. నన్ను ఎక్కువ బాధించినది అదే.

"అందరికీ కనిపించేదే కదా సార్, తీసుకుంటే తప్పేమి?" అని ఒక విద్యార్థి అడిగాడు. తుంగభద్ర ఎగువ కాలువ నీరు మన కణేకల్ చెరువుకు వస్తున్నది. గట్టున నిలిచి చూచుటకు ఎవరి అనుమతీ అక్కరలేదు. ఒక బిందె ముంచుకున్నా అడిగేవారు లేరు. మోటారు బిగించి రాత్రింబవళ్ళు తోడితే దిగువ మడి రైతు ఊరుకుంటాడా? మనిషి ఒక మాట టైపు చేసి వెదకటం బిందె వంటిది. ప్రోగ్రాము వెదకటం మోటారు వంటిది.

మోటార్లకు కట్టుబాటు ఉండవలెనన్న ఆలోచన అంతర్జాలంలో పాతదే. 1994లో మార్టైన్ కోస్టర్ అనే ఆయన ఒక పద్ధతిని ప్రతిపాదించాడు. ప్రతి వెబ్‌సైటూ రోబోట్స్ అనే పేరుతో ఒక చిన్న పత్రం ఉంచి, యంత్రాలు ఎక్కడికి రావచ్చునో, ఎక్కడికి రాకూడదో అందులో వ్రాస్తుంది. 2022లో ఇది అధికారికమైన ప్రమాణ పత్రంగా వెలువడినది. గూగుల్ తన శోధన ఫలితాల పుటలలోకి యంత్రాలు రాకూడదని తన రోబోట్స్ పత్రంలో పేర్కొన్నది. అట్టి సూచనలను మీరి యంత్రాలతో సమాచారం తీయరాదని సేవా నిబంధనలలోనూ చెప్పినది. ఇతరుల పుటలను యంత్రాలతో చదివి బ్రతికే సంస్థ తన పుటలకు తలుపు వేసుకొనటం విడ్డూరంగా తోచవచ్చును. అయినను ఇల్లు వారిది.

నిబంధనను మీరటమూ చట్టాన్ని మీరటమూ ఒకటి కావు. మన దేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టపు 43వ సెక్షను, యజమాని అనుమతి లేక కంప్యూటరు నుంచి సమాచారం నకలు తీసినవారు నష్టపరిహారం చెల్లించవలెనని చెప్పుచున్నది. అమెరికాలో లింక్డిన్ సంస్థకు, హైక్యూ అనే చిన్న సంస్థకు జరిగిన వ్యాజ్యంలో, బహిరంగ పుటలను చదవటం కంప్యూటరు చొరబాటు చట్టం క్రిందికి రాకపోవచ్చునని పై న్యాయస్థానం 2022లో అభిప్రాయపడినది. కాని అదే సంవత్సరం క్రింది న్యాయస్థానం హైక్యూ ఒప్పందాన్ని ఉల్లంఘించినదని తేల్చినది.

సక్రమమైన ద్వారం ఎ.పి.ఐ. అనబడేది. ప్రోగ్రాముల కోసమే సంస్థ తెరచిన ద్వారమది. తాళంచెవి వంటి సంకేతం ఇచ్చి, ఎన్ని ప్రశ్నలు అడగవచ్చునో లెక్క కడతారు. అది శాశ్వతమని మాత్రం నమ్మరాదు. మైక్రోసాఫ్ట్ తన బింగ్ శోధన ఎ.పి.ఐ.లను 2025 ఆగస్టు 11న మూసివేసినది.

ఇక మా పటానికి ఆధారమైన సంగతి. ఊరి పేరు ఇస్తే అక్షాంశ రేఖాంశాలు చెప్పే సేవలు రెండింటిని పోల్చి చూచాము. గూగుల్ మ్యాప్స్ నిబంధనల ప్రకారం అట్లు పొందిన అక్షాంశ రేఖాంశాలను 30 దినాలకు మించి దాచుకొనరాదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వారి నామినాటిమ్ సేవలో వచ్చిన ఫలితాన్ని తప్పక దాచుకొనవలెను. అడిగినదే మళ్ళీ మళ్ళీ అడిగే ప్రోగ్రామును వారు నిలిపివేయవచ్చును. ఒకచోట నిషిద్ధమైనది మరొకచోట విధి! నిబంధనలు చదవక ఊహతో నడిచేవారికి ఇది తెలిసే మార్గం లేదు. నామినాటిమ్ అనగా లాటిను భాషలో 'పేరుతో' అని అర్థం. సెకనుకు ఒక ప్రశ్నకు మించరాదు, ప్రోగ్రాము తన పేరు చెప్పుకొనవలెను, పటం మీద ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు కనిపించవలెను. వంద పేర్లు అడిగినా రెండు నిమిషాల లోపే పని పూర్తి అవుతుంది. మేము పడిన తొందరకు అసలు కారణమే లేదు.

2004లో ప్రారంభమైన ఈ పటంలో ఎవరైనను తమ ఊరిని చేర్చవచ్చును. ప్రతి చోటుకూ పలు భాషలలో పేరు వ్రాయవచ్చును. అయితే ఇతర వాణిజ్య పటాల నుంచి పేర్లు నకలు తీసి ఇందులో చేర్చరాదు. అందుచేత విద్యార్థులు తెర విడిచి ఊళ్ళకు నడిచారు. ఉర్దూలో కణేకల్ పేరును ఇద్దరు పెద్దలు రెండు విధాలుగా వ్రాసి చూపించారు. తెలుగులోనూ కణేకల్, కణేకల్లు అని రెండు రూపాలు వ్యవహారంలో ఉన్నవి. దేనినీ విడువలేదు; ప్రత్యామ్నాయ నామానికి ఆ పటంలో వేరుగా చోటు కలదు.