సచిత్ర జీన్: తయారీ, లభ్యత, కర్తృవివరం – జగ్గయ్యపేట శాసనం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కళాకారులు సొంత ఖర్చుతో, కొద్ది ప్రతులుగా, బొమ్మనూ మాటనూ తామే కూర్చి వెలువరించే చిన్న పుస్తకాన్ని 'జీన్' అంటారు. దీని తయారీ సులభం. అది పాఠకునికీ, తరవాతి కాలపు పరిశోధకునికీ దొరకడం కష్టం. ఈ రెండింటి మధ్య ఉన్న అంతరానికి కారణం పుస్తకంలో కర్తృవివరం లోపించడమేనని, ఎన్టీఆర్ జిల్లాలోని చందర్లపాడు – జగ్గయ్యపేట ప్రాంతం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: జీన్, లిఖిత పత్రిక, గుజిలీ ప్రతి, కర్తృవివరం, జగ్గయ్యపేట శాసనం, గ్రంథసూచి.

1. ఉపోద్ఘాతం

'మేగజీన్' అన్న మాటలోని చివరి ముక్క 'జీన్'. తెలుగులో దీన్ని 'జైన్' అని రాస్తే మతవాచకంగా పొరబడే అవకాశం ఉంది. ఉచ్చారణకు కూడా 'జీన్' అన్న రూపమే దగ్గర. 1930లో చికాగో నుంచి వెలువడిన 'ది కామెట్'ను వైజ్ఞానిక కల్పనాసాహిత్య అభిమానుల తొలి పత్రికగా పరిగణిస్తారు. ఇటువంటి పత్రికలకు 'ఫ్యాన్‌జీన్' అన్న పేరు 1940లో ఏర్పడింది. క్రమేణా ఆ పేరు కుదించుకుని, అభిమానుల పరిధిని దాటి, కళాకారుల స్వీయప్రచురణలన్నిటికీ వర్తించింది.

సాధారణ పత్రికకు కాలనియమం, సంపాదకవర్గం, ప్రకటనలు, చందాదారులు ఉంటారు. జీన్‌కు ఇవేవీ తప్పనిసరి కావు. రచయిత, చిత్రకారుడు, ముద్రాపకుడు, విక్రేత తరచుగా ఒక్కరే. నందిగామకు చేరువలో, కృష్ణానదికి ఉత్తరాన ఉన్న మండల కేంద్రం చందర్లపాడు. ఇటువంటి ఊళ్లో నివసించే చిత్రకారునికి ప్రచురణ సంస్థ అందుబాటులో ఉండకపోవచ్చు గాని జిరాక్స్ యంత్రం అందుబాటులోనే ఉంటుంది. జీన్‌కు ఆ యంత్రం చాలు. అయితే అలా వెలువడిన పుస్తకం యాభై ఏళ్ల తరవాత ఎవరికైనా దొరుకుతుందా అన్నది అసలు ప్రశ్న.

2. జగ్గయ్యపేట చెప్పే పాఠం

ఈ ప్రశ్నకు సమాధానం ఇదే ప్రాంతంలో ఉంది. జేమ్స్ బర్జెస్ 1882లో జగ్గయ్యపేట బౌద్ధస్తూపాన్ని పరిశోధించాడు. అక్కడ లభించిన వాటిలో రెండు రకాల కృతులను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. మొదటిది, సప్తరత్నాల నడుమ నిలిచిన చక్రవర్తి శిల్పఫలకం. భారతీయ కళాచరిత్రలో దీనికి విశిష్ట స్థానం ఉంది. కాని దాన్ని చెక్కిన శిల్పి ఎవరో తెలియదు. దాని కాలాన్ని శైలిని బట్టి నిర్ణయించవలసిందే.

రెండవది, స్తూపం తూర్పు ద్వారం వద్ద నిలిపిన ఆయకస్తంభాలపై ఉన్న ప్రాకృత శాసనం. ఇది ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరానికి చెందినది. దాత రాజు కాదు, వర్తకుడు కాదు, సిద్ధార్థుడనే 'ఆవేసని'. పనివారి పెద్ద, శిల్పి అని ఈ పదానికి అర్థం చెబుతారు. అతని తండ్రి నాగచంద్రుడు కూడా ఆవేసనియే. శాసనంలో పక్షం, దినం ఉన్నాయి. తండ్రి పేరు, స్వగ్రామం, తల్లి, భార్య, కొడుకు, కూతురు, సోదరుని పేర్లు కూడా ఉన్నాయి.

పేరు లేని ఫలకం కాలం విషయంలో పండితులు ఇప్పటికీ శైలినే ఆశ్రయిస్తున్నారు. సిద్ధార్థుని విషయంలో ఆ అవసరం లేదు. చేతివృత్తి మనిషి తన కృతిపై తానే తన వివరాలు చెక్కించినందువల్ల పదహారు శతాబ్దాలకు పైగా గడిచినా గుర్తింపు నిలిచింది. కృతి గొప్పదనం వేరు, కృతి దొరకడం వేరు అన్న భేదాన్ని ఈ రెండు శిలలూ స్పష్టం చేస్తున్నాయి.

తెలుగు కావ్యసంప్రదాయం కూడా ఈ సంగతిని గుర్తించింది. ఆశ్వాసాంత గద్యలో కవి తన తండ్రి పేరు, తన పేరు, కావ్యం పేరు చెబుతాడు. తాళపత్ర లేఖకుడు ప్రతి చివర సంవత్సరనామం, తిథి, తన పేరు రాయడం పరిపాటి. ఈ అన్నిటినీ కలిపి ఈ వ్యాసంలో 'కర్తృవివరం' అని వ్యవహరించడం జరిగింది.

3. తెలుగులో సజాతీయ రూపాలు

'జీన్' అన్న పేరు కొత్తదే కాని స్వభావం తెలుగుకు కొత్త కాదు. పాఠశాలల్లో, కళాశాలల్లో, గ్రంథాలయాల్లో వెలువడిన లిఖిత పత్రికలు ఇందుకు మొదటి ఉదాహరణ. ఒకే ప్రతిని చేత్తో రాసి, బొమ్మలు వేసి, చేతులు మార్చుకుంటూ చదివేవారు. జాతరల్లో, బజార్లలో అమ్ముడైన చౌక పాటల పుస్తకాలు, గుజిలీ ప్రతులు రెండవ ఉదాహరణ. మైనపు స్టెన్సిల్ కాగితంపై ఉక్కుములికితో రాసి తీసిన సైక్లోస్టైల్ సంచికలు మూడవవి. వీటిలో అక్షరాన్నీ బొమ్మనూ గీసినది ఒకే ములికి.

పంపిణీ విషయంలో దిగంబర కవుల అనుభవం గమనార్హం. 1965, 1966, 1968 సంవత్సరాల్లో వెలువడిన వారి మూడు సంపుటాలను వరసగా హైదరాబాదులో రిక్షా కార్మికుడు, విజయవాడలో హోటలు కార్మికుడు, విశాఖపట్నంలో ఒక యాచకురాలు ఆవిష్కరించారు. అవి జీన్‌లు కావు. అయినా పుస్తకాల దుకాణాన్ని ఆశ్రయించకుండా పుస్తకాన్ని వీధిలోకి తెచ్చే పద్ధతికి అవి నిదర్శనాలు. స్థలమూ తేదీ నమోదు కావడం వల్లనే ఆ సంఘటనలు నేడు సాహిత్యచరిత్రలో భాగమయ్యాయి.

4. తయారీ విధానం

జీన్‌కు అతి సరళమైన రూపం ఒక ఎ4 కాగితం. 297 × 210 మిల్లీమీటర్ల ఈ కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిస్తే సుమారు 74 × 105 మిల్లీమీటర్ల ఎనిమిది గళ్లు ఏర్పడతాయి. కాగితాన్ని అడ్డంగా పరిచినప్పుడు కింది వరసలో ఎడమ నుంచి 6, 7, 8, 1 పుటలు, పై వరసలో తలకిందులుగా 5, 4, 3, 2 పుటలు రావాలి. మధ్యరేఖపై నడిమి రెండు గళ్ల మేర కత్తిరించి మడిస్తే కుట్టు లేకుండానే పుస్తకం సిద్ధమవుతుంది. ఒకవైపు నకలు తీస్తే చాలు.

తెలుగు లిపి కారణంగా ఇందులో కొన్ని జాగ్రత్తలు అవసరం. గుడులు పైన, వత్తులు కింద చేరడం వల్ల వరసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. చిన్న పుటలో అచ్చు అక్షరం ఇరుకున పడుతుంది. చేతిరాత బొమ్మ ఒంపును అనుసరించి ఒదుగుతుంది. పెన్సిలు గీత, లేత నీలం సిరా నకలులో వెలిసిపోతాయి కనుక నల్లసిరా మేలు. యంత్రం అంచుల వరకు ముద్రించదు కనుక చుట్టూ కనీసం 5 మిల్లీమీటర్లు వదలాలి.

ఎనిమిది పుటల్లో స్థలం తక్కువ కావడంతో కర్తృవివరాన్ని విడిచిపెట్టాలనిపించడం సహజం. పేరు, ఊరు, నెల, సంవత్సరం, ప్రతుల సంఖ్య, పునర్ముద్రణ అయితే ఆ సంగతి: ఇవి రెండు వరసలకు మించవు. అజ్ఞాతంగా ఉండదలచినవారు కలంపేరు వాడవచ్చు. సంవత్సరం, ఊరు మాత్రం విడువరాదు.

5. లభ్యత: చేతి నుంచి సూచికి

జీన్ పాఠకునికి చేరే మార్గాలు మూడు. మొదటిది ముఖాముఖి వినిమయం. టోక్యోలో 1975లో ఆరంభమైన 'కామికెట్' ఇటువంటి స్వీయప్రచురణల సంత. విజయవాడలో జనవరి నెలలో జరిగే పుస్తక మహోత్సవం, ఊరి తిరునాళ్లు ఈ ప్రాంత కళాకారునికి సహజ వేదికలు. రెండవది సూచీపత్రం. అమెరికాలో మైక్ గండర్‌లాయ్ 1982లో ప్రారంభించిన 'ఫ్యాక్ట్‌షీట్ ఫైవ్' తనకు చేరిన జీన్‌లను క్లుప్తంగా సమీక్షించి, తెప్పించుకొనే చిరునామా ఇచ్చేది. చిరునామా లేని జీన్‌ను సమీక్షించినా పాఠకునికి ప్రయోజనం లేదు.

మూడవది గ్రంథాలయం. గులాం మహమ్మద్ షేక్, భూపేన్ ఖఖర్ బరోడా నుంచి 1969–73 మధ్య వెలువరించిన 'వృశ్చిక్' చిత్రకారులే నడిపిన చిన్నపత్రిక. ఆసియా ఆర్ట్ ఆర్కైవ్ డిజిటలీకరించినందువల్ల అది నేడు పరిశోధకులకు అందుబాటులో ఉంది. న్యూయార్కులోని బర్నార్డ్ కళాశాల గ్రంథాలయం జీన్‌లను తక్కిన పుస్తకాల వలెనే సూచీకరిస్తోంది.

తెలుగు చౌక పుస్తకాల చరిత్రకు 1867 నాటి ముద్రణ, నమోదు చట్టం పరోక్షంగా మేలు చేసింది. ముద్రాపకుని పేరు, ముద్రణస్థలం ప్రకటించాలని అది నిర్దేశించింది. నమోదైన పుస్తకాల త్రైమాసిక జాబితాలు దాని ఫలితం. వలస ప్రభుత్వపు ఉద్దేశం నిఘా. పరిశోధకునికి మిగిలింది ఆధారం. ఎల్.డి. బార్నెట్ 1912లో ప్రకటించిన బ్రిటిష్ మ్యూజియం తెలుగు గ్రంథసూచి నేటికీ ఉపయోగపడుతోంది. 2024 మార్చి 1 నుంచి అమలులో ఉన్న కొత్త చట్టం నియతకాలిక పత్రికలకే పరిమితం. 1954 చట్టం ప్రకారం పుస్తకాలను జాతీయ గ్రంథాలయంతో పాటు మరి మూడు గ్రంథాలయాలకు పంపాలి. కాని కొద్ది ప్రతుల జిరాక్స్ పుస్తకం ఆచరణలో ఈ వలకు చిక్కడం అరుదు. కనుక నమోదు బాధ్యత కళాకారునిపైన, స్థానిక గ్రంథాలయంపైన పడుతుంది.

అంతర్జాలంలో ఉంచడంతోనే ఈ సమస్య తీరదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పుస్తకాల పేర్లు అస్తవ్యస్తమైన రోమన్ వర్ణక్రమంతో నమోదు కావడం వల్ల ఉన్న పుస్తకమే దొరకని సందర్భాలు పరిశోధకులకు సుపరిచితం. పేరును తెలుగు లిపిలో, యూనికోడ్‌లో ఇవ్వడం కనీస అవసరం.

6. ముగింపు

లిఖిత పత్రికలు, సైక్లోస్టైల్ సంచికలు తెలుగు సాహిత్యచరిత్రలో చాలావరకు జ్ఞాపకాలుగా మిగిలాయి గాని ఆధారాలుగా నిలవలేదు. సచిత్ర జీన్ కూడా అదే దారి పట్టకుండా ఉండాలంటే రెండు పనులు జరగాలి. కళాకారుడు చివరి పుటలో రెండు వరసల కర్తృవివరం రాయాలి. కళాశాల తెలుగుశాఖ తన ప్రాంతంలో వెలువడే ఇటువంటి పుస్తకాల ప్రతి ఒక్కటి సేకరించి, పేరు, ఊరు, సంవత్సరంతో ఒక దస్త్రంలో నమోదు చేయాలి. ఈ రెండింటికీ పెద్దగా ఖర్చు లేదు. జగ్గయ్యపేటలో సిద్ధార్థుడు రాతిపై చేయించిన పనిని చందర్లపాడు చిత్రకారుడు కాగితంపై చేయడం కష్టం కాదు. అది చేయకపోతే, ఆ పుస్తకం ఎంత మంచిదైనా, భావి పరిశోధకునికి అది శిల్పి తెలియని ఫలకంగానే మిగులుతుంది. కాగితానికి శిల మన్నిక లేదు కనుక, అలా మిగలడం కూడా సందేహమే.