సీలింగు ఫ్యాను ఎంపిక

సీలింగు ఫ్యాను అనగా ఇంటి పైకప్పునకు వేలాడదీసి, విద్యుత్తుతో తిరిగే రెక్కల ద్వారా గదిలోని గాలిని కదిలించే సాధనం. దీనిని పంకా అని కూడా అంటారు. తెలంగాణ రాష్ట్రం, నాగర్‌కర్నూల్ జిల్లాలోని కల్వకుర్తి ప్రాంతంలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఏ.సి. లేని ఇళ్ళకు ఫ్యానే ప్రధాన ఆధారం. ఒకసారి బిగించిన ఫ్యాను ఏళ్ళ తరబడి తిరుగుతుంది కనుక, దుకాణంలో చెల్లించే ధర కంటే అది తన జీవితకాలంలో వాడుకొనే విద్యుత్తు ఖరీదే సాధారణంగా ఎక్కువగా ఉంటుంది.

చరిత్ర

విద్యుత్తు రాకముందు భారతదేశంలో కచేరీలలోను, సంపన్నుల ఇళ్ళలోను పైకప్పునకు కట్టిన పెద్ద గుడ్డ పంకాలను మనుషులు త్రాటితో లాగేవారు. సామాన్యులకు విసనకర్రే గతి. జర్మనీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఫిలిప్ డీల్ 1880లలో కుట్టుమిషను మోటారుకు రెక్కలు అమర్చి విద్యుత్ సీలింగు ఫ్యానును రూపొందించాడు.

పనిచేయు విధానం

ఫ్యాను గదిని చల్లబరచదు. గాలిని కదిలించి, ఒంటిమీది చెమట త్వరగా ఆవిరి అయ్యేటట్లు చేస్తుంది. చెమట ఆవిరి అగుటకు కావలసిన వేడిని శరీరం నుండి తీసుకొనుట వలన మనకు చల్లగా అనిపిస్తుంది. కాబట్టి మనుషులు లేని గదిలో ఫ్యాను తిప్పడం వృథా. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు మించినపుడు ఫ్యాను శరీరాన్ని మరింత వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. అటువంటి సమయంలో, ముఖ్యంగా రేకుల ఇళ్ళలో, వృద్ధులను, పసిపిల్లలను నీడ గల చల్లని చోటికి చేర్చడం, తడిబట్టతో ఒళ్ళు తుడవడం అవసరం.

పరిమాణం

రెక్కలు తిరిగేటపుడు ఏర్పడే వృత్తపు వ్యాసాన్ని స్వీప్ అంటారు. సాధారణంగా 600, 900, 1050, 1200, 1400 మి.మీ. పరిమాణాలు లభిస్తాయి. వంటగది వంటి చిన్న గదులకు 900 మి.మీ., సుమారు 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల పడకగదికి 1200 మి.మీ. ఫ్యాను సరిపోతుంది. పొడవైన హాలుకు ఒక పెద్ద ఫ్యాను కంటే రెండు ఫ్యాన్లు మేలు.

గాలి, వాట్లు, నక్షత్రాలు

ఎక్కువ వేగంగా తిరిగే ఫ్యాను ఎక్కువ గాలి ఇస్తుందనుకోవడం పొరపాటు. రెక్కల వెడల్పు, వంపు కూడా గాలిని నిర్ణయిస్తాయి. కొనేవారు చూడవలసినవి రెండు అంకెలు: నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి ఇస్తుంది, ఎన్ని వాట్ల విద్యుత్తు వాడుతుంది. మొదటి దానిని రెండవ దానితో భాగించగా వచ్చేది సర్వీసు విలువ.

ఉదాహరణకు 210 ఘనపు మీటర్ల గాలినిచ్చే ఫ్యాను 52 వాట్లు వాడితే దీని విలువ సుమారు 4. 35 వాట్లు వాడితే 6. భారతదేశంలో సీలింగు ఫ్యాన్లకు నక్షత్రాల ముద్ర 2023 జనవరి 1 నుండి తప్పనిసరి అయినది. అప్పటి పట్టిక ప్రకారం 1200 మి.మీ., అంతకు మించిన ఫ్యాన్లలో సర్వీసు విలువ 4 ఉన్నవానికి ఒక నక్షత్రం, 6 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవానికి 5 నక్షత్రాలు లభిస్తాయి. చిన్న ఫ్యాన్లకు పట్టిక వేరు. కావున ఒకే పరిమాణం గల ఫ్యాన్లనే పోల్చాలి.

మోటారు రకాలు

సాధారణ ఇండక్షన్ మోటారు గల పాత తరహా ఫ్యాన్లు 70 నుండి 80 వాట్లు వాడుకుంటాయి. వీని ధర తక్కువ. వేగం తగ్గితే చాలా సందర్భాలలో కండెన్సరు మార్చిన సరిపోతుంది. ఆ పనిని ఊరి మెకానిక్కే చేయగలడు.

బి.ఎల్.డి.సి. ఫ్యాన్లలో శాశ్వత అయస్కాంతాలు, ఎలక్ట్రానిక్ సర్క్యూటు ఉంటాయి. ఇవి సుమారు 28 నుండి 35 వాట్లు మాత్రమే వాడుకుంటాయి. వోల్టేజీ కొంత తగ్గినా వేగం దాదాపు తగ్గదు. ఇన్వర్టరు మీద ఎక్కువసేపు నడుస్తాయి. అయితే ధర ఎక్కువ, సర్క్యూటు చెడితే బాగుచేయడం అంత సులభం కాదు. అందుచేత వారంటీ కాలాన్ని, దగ్గరలో సర్వీసు కేంద్రం ఉన్నదీ లేనిదీ ముందే తెలుసుకోవాలి. వీనికి గోడమీది పాత రెగ్యులేటరు వాడరాదు.

విద్యుత్ ఖర్చు

ఒక ఇంటిలో మూడు ఫ్యాన్లు రోజుకు 12 గంటల చొప్పున తిరిగినచో, 75 వాట్లవి అయితే నెలకు 81 యూనిట్లు, 30 వాట్లవి అయితే 32 యూనిట్లు ఖర్చవుతాయి. తేడా దాదాపు 49 యూనిట్లు. తెలంగాణలో 2024 మార్చిలో అమలులోకి వచ్చిన గృహజ్యోతి పథకం ప్రకారం అర్హత గల కుటుంబం నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు ఉండదు. ఆ హద్దు దాటితే మొత్తం వాడకానికి చెల్లించవలసి ఉంటుంది. వేసవిలో 230 యూనిట్లు వాడే ఇల్లు ఫ్యాన్లు మార్చిన కారణంగానే 181 యూనిట్లకు దిగివచ్చి హద్దులోపల ఉండగలదు. మూడింటినీ ఒకేసారి మార్చలేనివారు ఎక్కువసేపు తిరిగే పడకగది ఫ్యానును ముందుగా మార్చడం లాభదాయకం.

ఇంటి కప్పు, భద్రత

రెక్కలు నేలకు సుమారు 8 అడుగుల ఎత్తున, పైకప్పునకు కనీసం ఒక అడుగు దిగువన ఉండాలి. అంత ఎత్తులేని రేకుల ఇంటికి గోడ ఫ్యాను లేదా టేబుల్ ఫ్యాను క్షేమం. స్లాబు ఇంటికి హుక్కును స్లాబు వేసేటపుడే అమర్చాలి. మట్టి మిద్దెలో దూలానికి చెదలు పట్టలేదని చూచిన తరువాతే ఫ్యాను బిగించాలి. ఒక ఫ్యాను రెక్కను వేరొక ఫ్యానుకు తగిలిస్తే బరువు సమతూకం తప్పి ఊగుతుంది. ఫ్యానుపై ఐ.ఎస్. 374 సంఖ్యతో కూడిన ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదో లేదో చూచుకోవాలి. రెక్కలపై దుమ్ము పేరుకుంటే గాలి తగ్గుతుంది గనుక, కరెంటు ఆపి అప్పుడప్పుడు శుభ్రపరచడం మంచిది.