కళ్ళం నుంచి కంచం దాకా

"రైతే దేశానికి వెన్నెముక" అని హైస్కూలు రోజుల్లో మనమంతా వ్యాసాలు రాశాం. నేనూ రాశాను, మంచి మార్కులే వచ్చాయి. కాని ప్రభుత్వం ఆ వెన్నెముకకి ఏ కట్టు కడుతోంది, అది ఎవరికి అందుతోంది, ఎవరికి అందకుండా పోతోంది అన్న సంగతి ఆ వ్యాసంలో రాయలేదు. అప్పటికి నాకూ తెలియదు. ఇప్పుడు కొంత తెలిసింది. మన కాలేజీలో చాలామందిమి సేద్యం చేసుకునే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే. తెలిసినవారు నా తప్పులు దిద్దండి. తెలియనివారు కంచం ముందు కూర్చున్నప్పుడు ఒక్కసారి గుర్తు చేసుకోండి.

మాది పట్టిసీమ. ఆ పేరు చెప్పగానే ఎవరికైనా గోదావరి మధ్య కొండమీద వీరభద్రస్వామి గుడి, శివరాత్రి తీర్థం గుర్తొస్తాయి. 2015 నుంచి ఎత్తిపోతల పథకం కూడా గుర్తొస్తోంది. నాకు మాత్రం ముందు మా కళ్ళం గుర్తొస్తుంది. మాకు సొంతం రెండెకరాలు. మరో మూడెకరాలు మా నాన్నగారు కౌలుకి చేస్తున్నారు. రెండున్నర ఎకరాల లోపు భూమి వున్నవారిని సన్నకారు రైతులనీ, ఐదెకరాల లోపు వారిని చిన్నకారు రైతులనీ ప్రభుత్వం లెక్క కడుతుంది. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో 86 శాతం ఈ రెండు రకాలవే. కాబట్టి నేను చెప్పేది మా ఒక్క ఇంటి గొడవ కాదు.

బస్తా ప్రయాణం

పంట పెరగడానికి మన ప్రాంతంలో జరిగిన కృషి తక్కువేమీ కాదు. కాటన్ దొర 1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. 1925లో మార్టేరులో వరి పరిశోధన కేంద్రం వెలసింది. 1982లో అక్కడినుంచి వచ్చిన 'స్వర్ణ' రకం దేశమంతా పాకింది. అంటే నీరు వచ్చింది, విత్తనం వచ్చింది, దిగుబడి పెరిగింది. చిక్కంతా ఆ తరువాతే.

ధర సంగతి చూడటానికి 1965లో కేంద్ర ప్రభుత్వం రెండు సంస్థలు పెట్టింది. ఒకటి మద్దతు ధర సిఫారసు చేసే కమిషను, రెండోది భారత ఆహార సంస్థ. మన రాష్ట్రంలో చాలా కాలం లెవీ పద్ధతి నడిచింది. మిల్లరు రైతు దగ్గర ధాన్యం కొని, ఆడించి, బియ్యంలో కొంత వాటా సర్కారుకి అప్పజెప్పాలి. అంటే రైతుకీ ప్రభుత్వానికీ మధ్య మిల్లరు వున్నాడు. మద్దతు ధర కాగితం మీద వున్నా, రైతు చేతికి ఎంత వస్తుందన్నది మిల్లరుతో బేరాన్ని బట్టే వుండేది. ఆ రోజుల్లోనే, 2011 సార్వాలో, కోనసీమ రైతులు వేల ఎకరాలు నాటకుండా వదిలేసి 'పంట విరామం' అన్నారు. నీళ్ళు లేక కాదు, ఖర్చులు తిరిగి రాక. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసి కారణాలు విచారించింది.

2015 అక్టోబరులో లెవీ రద్దయింది. ఇప్పుడు ప్రభుత్వమే కొనుగోలు కేంద్రాల ద్వారా ధాన్యం కొంటుంది. మిల్లు ఆడించి బియ్యం అప్పజెబుతుంది. క్వింటాలు ధాన్యానికి పచ్చిబియ్యమైతే 67 కిలోలు ఇవ్వాలని లెక్క. అంటే మన 75 కిలోల బస్తాకి సుమారు 50 కిలోలు. ఆ బియ్యం గోదాములకి చేరి, అక్కడినుంచి చౌకడిపోకి వస్తుంది. 2013 ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకి ఐదు కిలోలు, 2023 జనవరి నుంచి ఉచితంగా, ఇస్తున్నారు. దారి బాగానే వేశారు. ఆ దారి ఎక్కేచోటనే రెండు గేట్లున్నాయి. ఒకటి తేమ, రెండు పేరు.

తేమ లెక్క

కేంద్రంలో ధాన్యం తీసుకోవాలంటే తేమ 17 శాతానికి మించరాదు. ఈ నిబంధన కక్షతో పెట్టింది కాదు. తేమ ఎక్కువైతే గింజ ఊపిరి పీల్చడం పెరిగి, కుప్ప వేడెక్కి, బూజు పడుతుంది. సైన్సు విద్యార్థిగా నేను దాన్ని తప్పు పట్టను.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా సార్వా పంట అప్పుడు కళ్ళంలో వుంది. ఇంట్లో వున్న బరకాలు కప్పాం, చాలలేదు. అమ్మ చీరలు కూడా తెచ్చి కప్పింది. తెరిపి ఇచ్చాక చూస్తే తేమ మిషను 21 చూపించింది. ఆరబెడదామంటే రోడ్డు పక్కన చోటు లేదు, మళ్ళీ మబ్బు. అప్పుడొక వ్యాపారి వచ్చి బస్తా 1,450కి అడిగాడు. ఆ ఏడు సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకి 2,183, అంటే బస్తాకి 1,637 రూపాయలు. తేడా 187.

ఇందులో న్యాయమైన కోత ఎంత? 21 శాతం తేమ వున్న 75 కిలోల్లో పొడి పదార్థం 59.25 కిలోలు. అదే ధాన్యం 17 శాతానికి ఆరితే 71.4 కిలోలు తూగుతుంది. అంటే నీటి కింద పోయేది 3.6 కిలోలు. దాని ఖరీదు 79 రూపాయలు. ఆరబెట్టే కూలి కొంత కలుపుకోవచ్చు. మిగిలిన నూరు రూపాయల పైచిలుకు తేమకి పోయింది కాదు, మా నిస్సహాయతకి పోయింది.

పేరు లెక్క

"అయితే ఆరబెట్టి కేంద్రానికే ఇవ్వకపోయారా?" అని హాస్టల్లో ఒక మిత్రుడు అడిగాడు. రెండో గేటు సంగతి అక్కడే వుంది. కేంద్రంలో అమ్మాలంటే పంట నమోదులో పేరుండాలి, డబ్బు ఆ పేరుగల ఖాతాకే పడుతుంది. మేము కౌలుకి చేసే చేను పంట నమోదు యజమాని పేరు మీద వుంది. ఆయన ఊళ్ళో వుండరు.

ఈ చిక్కు ప్రభుత్వానికి తెలియక కాదు. 2011లో కౌలు రైతులకి రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. పదకొండు నెలల ఒప్పందానికి కార్డు ఇస్తారు. కాని దానికి యజమాని సమ్మతి కావాలి. నాన్నగారు రెండుసార్లు అడిగారు. "సంతకం పెడితే రేపు పొలం మాదంటారేమో!" అని ఆయన సందేహం. 1956 నాటి కౌలుదారీ చట్టం నాటి నుంచి వున్న భయం అది. కొత్త చట్టంలో యజమాని హక్కుకి భంగం లేదని స్పష్టంగా రాసినా పోలేదు. ఆయన్ని చెడ్డవాడని అనలేను. గట్టిగా అడిగితే చేను వేరేవాళ్ళకి ఇస్తారేమోనని మా భయం మాకుంది. రెండు భయాల మధ్య కార్డు ఆగిపోయింది.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ మూడెకరాల్లో ఎకరానికి 30 బస్తాలు పండాయి. కౌలు 12 పోగా 18. మొత్తం 54 బస్తాలు, బస్తాకి 187 చొప్పున నష్టం 10,098 రూపాయలు. అదే ఏడు సొంత భూమి వున్నందుకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల పెట్టుబడి సాయం కలిపి మాకు అందింది 13,500. ఈ చేత్తో ఇచ్చినదాంట్లో దాదాపు మూడువంతులు ఆ చేత్తో జారిపోయింది. సొంత సెంటు కూడా లేని కౌలు రైతు మాటేమిటి? కేంద్రం ఏడాదికి ఇచ్చే ఆరువేలు భూమి పట్టా వున్నవాళ్ళకే.

ఏం చెయ్యవచ్చు?

విమర్శించి ఊరుకోవడం తేలిక. నాకు తోచిన మూడు మాటలు చెబుతాను. మొదటిది, కార్డుకి యజమాని సంతకం బదులు గ్రామసభలో విచారణ చాలాలి. ఎవరు దున్నుతున్నారో ఊరందరికీ తెలుసు. రెండోది, ఊరూరా సిమెంటు కళ్ళాలు, అద్దెకి బరకాలు, ఆరబెట్టే యంత్రాలు వుండాలి. ఇప్పుడున్న రైతు సేవా కేంద్రాలకే ఆ పని అప్పగించవచ్చు. పదివేల నష్టం ఆపడానికి అది చవకైన దారి.

మూడోది, కొనేవాడు దగ్గర్లోనే వున్నాడని గుర్తించడం. 1999 జనవరి 26న మన రాష్ట్రంలో రైతు బజార్లు మొదలయ్యాయి. లంకల్లో కూరగాయలు పండించేవాడు గుర్తింపు కార్డు చూపించి, తన తట్ట తానే పెట్టుకుని అమ్ముకునే చోటు అది. టోకు ధరకన్నా రైతుకి ఎక్కువ, అంగడి ధరకన్నా కొనేవారికి తక్కువ. లోపాలుండవచ్చు గాని ఆలోచన గట్టిది. బ్రెజిల్ దేశం 2009లో ఇంకో అడుగు వేసింది. బడిపిల్లల భోజనానికి కేంద్రం ఇచ్చే సొమ్ములో కనీసం 30 శాతం చిన్న రైతుల దగ్గర కొనడానికే ఖర్చు చేయాలని చట్టం చేసింది. మన మధ్యాహ్న భోజన పథకానికి 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారికి వేళ కాని వేళ వండి పెట్టిన తల్లి ఆమె. ఆ పేరున్న భోజనానికి బియ్యం, కూరలు ఆ చుట్టుపక్కల చిన్న రైతు దగ్గరే కొంటే పేరు సార్థకమౌతుంది.

మా ఊళ్ళో 24 పంపులు గోదావరి నీటిని ఎత్తి కృష్ణా డెల్టా వరిచేలకి పంపుతున్నాయి. ఒక నది నీళ్ళని ఇంకో నదిలో కలపగలిగినవాళ్ళకి, కళ్ళంలో బస్తాని పండించినవాడి పేరు మీదనే కేంద్రానికి చేర్చడం కష్టమా?

ప్రతి నెలా అమ్మ చౌకడిపోలో వేలిముద్ర వేసి బియ్యం తెస్తుంది. అక్కడ మా అందరి పేర్లూ వున్నాయి. ఆ బియ్యంలో మేము పండించిన గింజలూ వుండవచ్చు. తినేటప్పుడు వున్న పేరు, పండించి అమ్మేటప్పుడు కూడా వుండాలని మాత్రమే మేము అడుగుతున్నాం.

— తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి