విజయపురిలో మధుదేవుడు

మా గురజాల పిల్లలకు నాయకురాలు నాగమ్మ కథ ఉగ్గుపాలతోనే వస్తుంది. నలగామరాజు ఏలిన ఊరు కదా! కోడిపందెంలో ఏం జరిగింది, బ్రహ్మనాయుడు ఏమన్నాడు, కారంపూడిలో ఎవరు ఎవరి చేతిలో కూలారు - అరుగుమీద కూర్చున్న ఏ పెద్దాయన్ను అడిగినా పూస గుచ్చినట్టు చెబుతాడు. పన్నెండో శతాబ్దం నాటి ఆ తగవు నిన్నమొన్న జరిగినట్టే ఉంటుంది మావాళ్ళకు. కాని ఆ యుద్ధానికి సుమారు తొమ్మిది వందల ఏళ్ళ ముందు ఇదే పల్నాటి సీమలో, కృష్ణ ఒడ్డున, దేశదేశాల వాళ్ళు వచ్చిపోయే రాజధాని ఒకటి ఉండేదని చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. ఈ ఇంటికి కోడలినై వచ్చిన నాకు ఆ సంగతి తెలిసింది ఒక తాగుబోతు మూలంగా!

కంగారుపడకండి. ఆ తాగుబోతు మా ఇంట్లోవాడు కాడు. రాతివాడు.

మా మామయ్యగారికి ఇప్పుడు ఎనభై ఏళ్ళు. 1958లో, హైస్కూల్లో చదివే రోజుల్లో, మాష్టర్లు పిల్లల్ని నాగార్జునకొండ చూపించడానికి తీసుకువెళ్ళారట. గురజాలలో రైలెక్కి మాచర్లలో దిగి, అక్కడినుంచి లారీలో కొండల నడుమ లోయలోకి దిగారు. అప్పటికి నాగార్జునసాగరం పనులు సాగుతున్నాయి. లోయ మునిగిపోయేలోగా చేతనైనంత తవ్వి తీయాలని పురావస్తుశాఖవారు రాత్రింబవళ్ళు తంటాలు పడుతున్నారు. అక్కడ ఒక స్తంభం మీద ఈ వింతమనిషి కనిపించాడట. ఒంటిమీద సగం బట్టలు, చిరుగడ్డం, చేతిలో కొమ్ముతో చేసిన తాగుడు పాత్ర, పక్కన చిన్న పీపా!

"మాష్టారూ, ఈ తాగుబోతు ఎవరండీ?" అని మామయ్యగారు అడిగారు. జవాబుకు ముందు ఒక మొట్టికాయ పడింది. తరువాత, "యవనుల దేవుడురా!" అని మాష్టారు చెప్పారట.

ఈ కథ మా ఇంట్లో ప్రతి పండక్కీ వస్తుంది. మామయ్యగారు అతిశయోక్తి చేస్తున్నారనే మావారి అభిప్రాయం. నేనూ అలాగే అనుకున్నాను, పాత పుస్తకంలో అచ్చయిన ఒక ఫొటో నా కంటబడేదాకా. నాగార్జునకొండలో 1927 నుంచి 1931 దాకా తవ్వించిన లాంగ్‌హర్స్ట్ దొరగారి నివేదిక అది, 1938లో అచ్చయింది. అందులో ఉన్నాడు మన రాతివాడు. రాజప్రాసాదం ఉండిన చోట దొరికిన స్తంభం. ఆ బొమ్మ గ్రీకుల మధుదేవుడు డయొనైసస్‌ది అని దొరగారు రాశారు. ద్రాక్షతీగకూ ద్రాక్షసారాకూ అధిదేవత ఆయన. రోమనులు ఆయన్నే బాకస్ అన్నారు.

ఫొటో తీసుకువెళ్ళి మామయ్యగారి ముందు పెట్టాను. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "వీడే" అన్నారు. కాసేపాగి, "మళ్ళీ ఓసారి వెళ్ళొద్దామా అమ్మాయ్?" అన్నారు.

నాకు ఆశ్చర్యం వేసింది. గురజాలకు కూతవేటు దూరంలో ఉన్నట్టే లెక్క నాగార్జునసాగరం. మా ఇంటికి వచ్చిన చుట్టాలందరూ చూసి వచ్చారు. మామయ్యగారు మాత్రం డాము దాకా రావడమే గాని లాంచీ ఎక్కి కొండకు ఎప్పుడూ వెళ్ళలేదు. అడిగితే, "నేను చూసిన ఊరు నీళ్ళకింద ఉంది. మళ్ళీ ఏం చూస్తాను?" అనేవారు.

ఆదివారం తెల్లవారుజామునే పులిహోర కట్టుకుని, మరచెంబుతో మంచినీళ్ళు పెట్టుకుని బయలుదేరాం. మామయ్యగారు, మావారు, నేను, మా బాబు. గురజాల దాటితే దారికి అటూ ఇటూ మిరపచేలు, పత్తిచేలు, నడుమ నడుమ నాపరాతి పలకలు. ఆ రాయిని చూపించి మామయ్యగారు, "అక్కడి బొమ్మలన్నీ ఈ జాతి రాయితోనే చెక్కారు" అన్నారు. నిజమే. పల్నాటి సున్నపురాతితోనే అమరావతి శిల్పాలూ నాగార్జునకొండ శిల్పాలూ తయారైనాయి. మనం గచ్చుగా పరుచుకుని కాళ్ళు కడుక్కునే రాయి అక్కడ దేవతలైంది!

మాచర్లలో చెన్నకేశవస్వామిని దర్శించుకుని, కాఫీ తాగి, కుడిగట్టున ఉన్న విజయపురి సౌత్ చేరాం. అక్కడినుంచి లాంచీలో దాదాపు గంట ప్రయాణం. చుట్టూ కొండలు, ఎటు చూసినా నీళ్ళే. మా బాబు లాంచీ కమ్మీ పట్టుకుని, "తాతయ్యా, ఊరు ఎక్కడుంది?" అని అడిగాడు. ఆయన నీళ్ళకేసి వేలు చూపించారు. వాడు వంగి చూశాడు. ఏం కనిపిస్తుంది?

ఆ నీళ్ళకింద ఉన్న ఊరి పేరు విజయపురి. శాతవాహనుల తరువాత మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు రాజధానిగా చేసుకున్న పట్నం. మొదటి రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన చెల్లెలు చాంతిశ్రీ బౌద్ధానికి మహాపోషకురాలు; అక్కడి మహాచైత్యానికి ఆమె దానధర్మాలు శాసనాల్లో ఉన్నాయి. అన్న హోమం చేస్తే చెల్లెలు చైత్యం కట్టించింది. ఇద్దరికీ ఇల్లు ఒకటే! పైగా చాంతమూలుని కొడుకు వీరపురుషదత్తుడు మేనత్తల కూతుళ్ళను పెళ్ళాడాడు. చాంతిశ్రీ కూతురు కూడా వాళ్ళలో ఉన్నది. మేనరికాలు మన ఇళ్ళలో ఎంత పాతవో చూశారా!

మరొక కోడలు ఉజ్జయిని మహారాజు కూతురు రుద్రధరభట్టారిక. అంతదూరం నుంచి ఈ కొండల నడుమకు కాపురానికి వచ్చింది. ఉజ్జయినిని అప్పుడు శకులు ఏలుతున్నారు. రాజప్రాసాదపు చోట దొరికిన మరో స్తంభం మీద పొడుగు అంగీ, తలమీద టోపీ, చేతిలో బల్లెంతో శకసైనికుడు ఉన్నాడు. కోడలితోపాటు పుట్టింటివాళ్ళు ఎవరైనా వచ్చారేమో అనుకున్నాను. నాది కోడలి బుద్ధి!

ఇక మన మధుదేవుడు. పల్నాట్లో ద్రాక్షతోటలు ఉండేవనడానికి ఆధారం లేదు. కాని ఆ రోజుల్లో యవనుల ఓడలు మన తీరాలకు వచ్చేవి. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో ద్రాక్షసారా వచ్చిన రోమను జాడీల ముక్కలు దొరికాయి. యవనులు తెచ్చిన చల్లని మధువు సంగతి పురనానూఱు అనే ప్రాచీన తమిళ గ్రంథంలో ఉన్నది. విజయపురిలోనే రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి. అక్కడి ఒక శాసనం కాశ్మీరం, గాంధారం, చీనా, యవనదేశం, ద్రావిడం, సింహళం పేర్లన్నీ ఒక్కచోట చెబుతుంది. సింహళ భిక్షువులకు విహారమే ఉండేది. అటువంటి ఊళ్ళో ఒక యవనదేవుడికి స్తంభం మీద చోటు దొరకడంలో వింతేముంది? మధువు సంగతి ఎలా ఉన్నా, పరాయివాణ్ణి గుమ్మంలోకి రానిచ్చిన ఊరు అది.

లాంచీ కొండకు చేరింది. ఒకప్పుడు లోయ మధ్య నిలిచిన కొండ ఇప్పుడు దీవి. మునిగే లోయలోంచి తొమ్మిది ముఖ్యమైన కట్టడాలను ఇటుక ఇటుకా విప్పి ఈ కొండమీద మళ్ళీ నిలబెట్టారు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యాన తవ్వకాలు జరిగాయి. నూటికి పైగా చోట్లు తవ్వారు. బండిచక్రంలా ఆకులు తీర్చి కట్టిన స్తూపం, నదీతీరపు స్నానఘట్టం ఇప్పుడు కొండ నెత్తిన ఉన్నాయి. మెట్లు ఉన్నాయి, నది లేదు. నది ఎక్కడో కింద ఉన్నది. ఆ స్నానఘట్టం దగ్గర మామయ్యగారు రెండు మెట్లు దిగి ఆగిపోయారు.

మ్యూజియంలో అడుగుపెట్టగానే శిల్పాలకేసి మేం ముగ్గురం మళ్ళాం. కొమ్ముపాత్ర కోసం మా బాబు ఒక్కొక్క స్తంభం వెతుకుతున్నాడు. చూస్తే మామయ్యగారు లేరు! వెతగ్గా వెతగ్గా మరో చోట అగుపించారు. మునిగిపోయిన లోయకు నమూనా చేసి పెట్టారక్కడ. ఏ విహారం ఎక్కడ, ఏ గుడి ఎక్కడ, కృష్ణ ఎటు తిరిగింది, అన్నీ అందులో ఉన్నాయి. ఆయన దానిమీదికి వంగి, గాలిలో వేలితో దారి గీస్తున్నారు.

"ఇదిగో, లారీ ఇక్కడ ఆగింది. ఇక్కడ అన్నాలు తిన్నాం. మొట్టికాయ పడింది ఇక్కడ!"

మా బాబు పక్కన చేరాడు. తాతామనవళ్ళు ఆ నమూనా చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో! లాంచీ కూత వినిపించేసరికి మిగతా స్తంభాలు చూడకుండానే పరుగెత్తాల్సి వచ్చింది. తాగుబోతు దేవుణ్ణి చూడ్డానికి వచ్చి ఆయన్ను వెతకడం పూర్తికాకుండానే తిరిగిపోతున్నామని నేను నొచ్చుకున్నాను. మామయ్యగారు మాత్రం, "పోనీలే అమ్మాయ్! వాడు ఉన్న ఊరు చూశాను" అన్నారు.

సాయంత్రం అనుపు వెళ్ళాం. లోయలోని రంగస్థలాన్ని అక్కడ మళ్ళీ కట్టారు. నడుమ చదరంగా నేల, చుట్టూ మెట్లు మెట్లుగా కూర్చునే చోట్లు. మా బాబు ఈ చివర చప్పట్లు కొడితే ఆ చివర కూర్చున్న మాకు స్పష్టంగా వినిపించాయి. మామయ్యగారు పై మెట్టుమీద కూర్చున్నారు.

ఉండబట్టలేక అడిగాను: "మామయ్యగారూ, ఇంత ఊరు ముంచి డాము కట్టడం మీకు కష్టంగా ఉండేదా?"

ఆయన వెంటనే జవాబివ్వలేదు.

"1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిననాడు మా నాన్న బండి కట్టుకుని వచ్చాడు. మా పొలంలో వానపడితే జొన్న, లేకపోతే దుమ్ము. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళు మా చేలోకి ఎక్కిన రోజున నాన్న చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు. ఆ నీళ్ళతో పండిన పంటతోనే నీ మొగుడు చదువుకున్నాడు. ఇంక నేను కష్టం అని ఏ నోటితో అనను? కష్టం కాదని మాత్రం ఏ నోటితో అనను? అందుకే రాలేదు ఇన్నాళ్ళూ."

మావారు తల వంచుకున్నారు. నాకూ మాట రాలేదు. మనం తాగే నీటికింద, మనం తినే అన్నం కింద ఒక ఊరు ఉన్నదన్న ఊహ అంతవరకు నాకు రానేలేదు.

తిరుగుదారిలో ఎత్తిపోతల దగ్గర ఆగాం. డెబ్భై అడుగుల ఎత్తునుంచి చంద్రవంక దూకుతున్న చోటు అది. చీకటిపడే వేళ అయింది. అయినా మామయ్యగారు మనవడి చెయ్యి పట్టుకుని, మళ్ళీ ఒకసారి లోయ సంగతి మొదలుపెట్టారు.

వెళ్ళదలచిన పాఠకులకు రెండు మాటలు. కొండమీది మ్యూజియంకు శుక్రవారం సెలవు. లాంచీ నడుస్తున్నదీ లేనిదీ ముందుగా కనుక్కోండి. తిరుగు లాంచీ వేళ కూడా అడిగి మరీ కొండ ఎక్కండి. ఎండాకాలం పల్నాడు రావద్దు, శీతాకాలం మంచిది. ఇంట్లో ఆ లోయను కళ్ళారా చూసిన పెద్దలు ఉంటే తప్పకుండా వెంటబెట్టుకు వెళ్ళండి. అటువంటివాళ్ళు ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టేటంతమందే ఉన్నారు.

మేం మళ్ళీ వెళ్ళాలి. కొమ్ముపాత్ర దేవుడి బాకీ ఉండిపోయింది. ఈసారి మామయ్యగారే ముందుగా అడుగుతున్నారు, "ఎప్పుడమ్మాయ్?" అని.