మోటారు ఇంజను పసుపు దీపము

నిరుటి పత్తి యేరుడు దినములలో మన సంఘసభ్యులొకరు ధర కనుగొనుటకై మక్తల్ నుండి రాయచూరు మార్కెట్టుకు తమ పెట్రోలు కారులో పోవుచుండగా, కృష్ణానది వంతెన దాటకమునుపే యెదుటి పలకమీద ఇంజను ఆకారముగల పసుపు దీపము వెలిగెను. బండి నడచుచునే యున్నది గాని, ఈడ్పు కొంచెము తగ్గినది. ఒక దుకాణమువారు చిన్న యంత్రము తగిలించి చూచి, ఆక్సిజను సెన్సరు చెడినదని క్రొత్తది వేసి ఆరువేల రూపాయలు పుచ్చుకొనిరి. నాలుగవనాడు దీపము మరల వెలిగినది. అప్పుడాయన నాయొద్దకు వచ్చి, "అయ్యా, పైరుకు తెగులు చూచి మందు చెప్పుదురు గదా, దీనినిగూడ చూడుడు" అనిరి.

నేను మెకానిక్కును కాను. అయినను ఆకు పసుపుబారినంతమాత్రమున యూరియా చల్లుమని ఏ ప్రదర్శకుడును చెప్పడు. నత్రజని చాలకపోయినను, వేరునీరు నిలిచినను, వేరుకుళ్లు పట్టినను ఆకు పసుపగును. ఈ దీపమును అట్టిదే. అది రోగము కాదు, రోగలక్షణము.

కారులో చిన్న గణకయంత్రము ఒకటి గలదు. గాలి యెంత వచ్చుచున్నది, పొగలో ఆక్సిజను ఎంత మిగిలినది, నీరు ఎంత వేడెక్కినది అను సంగతులను సెన్సర్లు దానికి తెలుపుచుండును. పొగను చెరచునట్టి లోపము కానవచ్చినచో అది ఒక సంకేతాంకము వ్రాసిపెట్టుకొని దీపమును వెలిగించును. అమెరికాలో 1996 నుండి కార్లన్నిటికిని ఈ యేర్పాటు విధిగా నున్నది. మన దేశమున 2010 తరువాత క్రమముగా వచ్చి, 2020 ఏప్రిల్ నుండి అమలైన భారత్ స్టేజి ఆరు నియమములతో మరింత కట్టుదిట్టమైనది.

స్టీరింగు క్రింద పదునారు రంధ్రముల సాకెటు ఉండును. కొన్ని వందల రూపాయలకు దొరకు పరికరమును దానియందు గ్రుచ్చినచో అంకము మన ఫోనులోనే కనబడును. గ్రామసంఘమునకు ఇట్టిది ఒకటి కొనియుంచిన అందరికి పనికివచ్చునని నా యభిప్రాయము. అంకమును కాగితముపై వ్రాసికొనక తుడిచివేయరాదు. తుడిచిన యెడల దీపమారును గాని లోపము పోదు, ఆనవాలు మాత్రము పోవును.

మా మిత్రుని కారులో దొరికిన అంకము పి 0171. పెట్రోలుకంటె గాలి పాలు హెచ్చినదని దాని యర్థము. ఆ వార్త తెచ్చినది ఆక్సిజను సెన్సరే. వార్త తెచ్చినవానిని కొట్టి ఏమి లాభము? మూత యెత్తి చూడగా, గాలిని కొలుచు సాధనమునకును ఇంజనుకును నడుమనున్న రబ్బరు గొట్టమును ఎలుక కొరికియున్నది. పత్తి మూటలుంచిన కొట్టములో బండి నిలిపిన ఫలము! ఆ చీలికద్వారా కొలతకు రాని గాలి లోనికి చొచ్చుచున్నది. గొట్టము మార్చినంతనే దీపమారి, నేటివరకు వెలుగలేదు.

పి 0301 అని వచ్చినచో మొదటి సిలిండరు సరిగా మండుటలేదని గ్రహింపవలెను. వేర్వేరు కాయిళ్లున్న బండిలో, ఇంజను ఆపి, మొదటిదాని ఇగ్నిషను కాయిలును రెండవదానికి మార్చి మరల చూడవలెను. అంకము 0302 అయినచో కాయిలే దోషి. కాకున్న స్పార్కు ప్లగ్గును, పిదప ఇంజెక్టరును పరీక్షింపవలెను. కాసు ఖర్చు లేని పరీక్ష ఇది.

దీపము నిలుకడగా వెలిగి బండి సవ్యముగా నడచినచో మెల్లగా ఇల్లు చేరవచ్చును. మినుకుమినుకుమని కొట్టుకొనినచో వేగము తగ్గించి త్రోవప్రక్క నిలుపవలెను, ఏలయనగా మండని పెట్రోలు పొగగొట్టములోని క్యాటలిస్టునందు మండి దానిని కాల్చివేయును. నూనెడబ్బా గురుతుగల ఎఱ్ఱదీపము వేఱు. అది వెలిగిన తక్షణమే ఇంజను ఆపవలయును.

పాతకారు కొనువారు తాళము త్రిప్పి, ఇంజను పట్టించకమునుపే చూడవలెను. ఆ క్షణమున పసుపు దీపము వెలిగి, ఇంజను పట్టినపిదప ఆరుట సహజము. అసలే వెలుగనిచో దానిని ఎవరో మూసియుందురని అనుమానింపుడు.

డీజిలు బండ్ల మాట. పొలమునకును ఊరికిని నడుమ కొద్దిదూరములే తిరుగు బండిలో మసి జల్లెడ నిండి దీపము వెలుగుట కలదు. జల్లెడ గురుతు దీపము వెలిగినచో, బండితో నిచ్చిన పుస్తకము చెప్పినట్లు, పెద్దరోడ్డుపై నిలుకడ వేగముతో కొంతసేపు నడిపిన మసి లోపలనే కాలిపోవును. వెనువెంటనే ఎండుగడ్డిమీద నిలుపవలదు, గొట్టము మిక్కిలి వేడిగా నుండును.

కొన్ని బండ్లలో నీలిమూతగల యూరియా ద్రవపు తొట్టియు నుండును. "మన యింట బస్తా యున్నది గదా, నీట కలిపి పోసితిమి" అని యొకరు నాతో నవ్వుచు చెప్పిరి. నాకు నవ్వు రాలేదు. ఆ ద్రవము నూటికి 32.5 పాళ్ల శుద్ధ యూరియా, తక్కినది లవణములు తీసిన నీరు. మన పొలపు యూరియాకు 2015 నుండి వేపనూనె పూయుచున్నారు. బయూరెట్టు హెచ్చు. బావినీటి సున్నము వేఱు. ఇవి చిమ్మెడి సన్నని రంధ్రమును, క్యాటలిస్టును చెరచును. అట్లు పోసియున్నచో తాళము త్రిప్పక, బండిని లాగించుకొని పోయి, తొట్టి ఖాళీచేయించి కడిగించి, ముద్రవేసిన డబ్బాలోని ద్రవమునే పోయింపవలెను.