రిక్వెస్ట్ అయిపోయిందని సర్వర్‌కి ఎలా తెలుస్తుంది?



ఈ నెల పైథాన్ ప్రాజెక్టులో పిల్లలు సాకెట్‌తో చిన్న వెబ్ సర్వర్ రాస్తున్నారు. "ఇంట్లో పనిచేసింది, ల్యాబ్‌లో ఆగిపోయింది" అని మీ అబ్బాయో అమ్మాయో అంటే సాకు అనుకోకండి, నిజంగానే అలా జరుగుతుంది.

బ్రౌజర్ పంపే రిక్వెస్ట్‌లో మొదటి లైను ఏ పేజీ కావాలో చెబుతుంది. తర్వాత హెడర్లు, వాటి కింద ఒక ఖాళీ లైను. చాలామంది 'రిసీవ్ 1024' అని ఒక్కసారి రాసి వదిలేస్తారు. 1024 అంటే గరిష్ఠంగా అన్ని బైట్లని మాత్రమే. రిక్వెస్ట్ మొత్తం ఒకేసారి వస్తుందని కాదు. ఒకే కంప్యూటర్‌లో అయితే సాధారణంగా కలిసే వస్తుంది, నెట్‌వర్క్‌లో ముక్కలుగా రావచ్చు. టీసీపీ కుళాయి ధార లాంటిది, ఎక్కడ ఆపాలో అది చెప్పదు. అందుకే ఖాళీ లైను కనిపించేదాకా లూప్‌లో చదువుతూ, వచ్చినదాన్ని కలుపుకుంటూ పోవాలి. ఫారం నింపి పంపితే ఆ లైను తర్వాత కూడా డేటా ఉండొచ్చు. ఎన్ని బైట్లో కంటెంట్-లెంగ్త్ హెడర్ చూసుకోవాలి. మధ్యలో ఖాళీగా తిరిగొస్తే అవతలివైపు కనెక్షన్ మూసేసినట్టు. అది చూడకపోతే లూప్ ఆగదు!

డెమోకి ముందు మీరు కోడ్ చదవక్కర్లేదు. పై శీర్షికలోని ప్రశ్న అడగండి చాలు. యూట్యూబ్ నుంచి దించిన కోడైతే అక్కడే తడబడతారు.