వరాహం, సింహం, నిండుకుండ

పాలకుడు ప్రజలకు తానెలా కనిపించాలనుకున్నాడో అతడు కట్టించిన భవనాల గోడలు చూపిస్తాయి. అక్షరం రాని రైతు కూడా చదవగలిగేలా ఆ సంగతిని రాతిలోకి మలచినవారు శిల్పులు. ఒక రాజ్యం తన గుర్తుగా స్వీకరించిన బొమ్మను లాంఛనం అంటారు. అనంతపురం జిల్లా కణేకల్లు నుంచి బళ్లారి మీదుగా వాయవ్యానికి సాగితే వచ్చే విజయనగర రాజధాని హంపిలో ఇటువంటి శిల్పం విస్తారంగా మిగిలి ఉంది.

అక్కడి మహానవమి దిబ్బ, అంటే నవరాత్రి ఉత్సవాలను రాజు కూర్చుని తిలకించిన ఎత్తైన రాతి వేదిక, చుట్టూ వరుసలు వరుసలుగా చెక్కిన ఏనుగులు, గుర్రాలు, వేట దృశ్యాలు, నర్తకులు, గుర్రాలను తోలుకొచ్చిన విదేశీయులతో నిండి ఉంటుంది. సుమారు 1520లో కృష్ణదేవరాయల కాలంలో ఆ ఉత్సవాలను చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయస్ వాటిని వివరంగా వర్ణించాడు. ఎదుట జరిగే ఊరేగింపు, రాతిలో నిలిచిన ఊరేగింపు ఒకదానికొకటి తోడై, ఉత్సవం ముగిసిన తరువాత కూడా రాజు వైభవం అక్కడే ఉన్నట్టు తోపింపజేసేవి. విజయనగర లాంఛనమైన వరాహం అంతకుముందే చాళుక్యులు ధరించిన గుర్తు. భూమిని పైకెత్తిన విష్ణువు అవతారం కనుక, ఆ బొమ్మను పెట్టుకున్న రాజు భూరక్షకుడనని ప్రకటించుకున్నట్టే. పక్కన నిలువుగా ఉన్న కత్తి ఆ రక్షణ దేనితో సాగుతుందో చెబుతుంది, పైనున్న సూర్యచంద్రులు అది ఎంతకాలమో చెబుతారు. దానశాసనాల రాళ్లపై కూడా ఇవే సూర్యచంద్రులు కనిపిస్తారు. ‘ఆచంద్రార్కం’, అంటే చంద్రుడూ సూర్యుడూ ఉన్నంతవరకు, ఇచ్చిన మాట చెల్లుతుందని వాటి అర్థం.

నేడు ప్రభుత్వ కార్యాలయాల మీద కనిపించే సింహాలు అశోకుని సారనాథ్ స్తంభశీర్షం నుంచి వచ్చాయి. 1950 జనవరి 26న ఇది భారత జాతీయ చిహ్నమైంది. వీపులు కలిపి నిలిచిన నాలుగు సింహాల్లో చిహ్నంలో కనిపించేవి మూడే. కొత్త పార్లమెంటు భవనంపై 2022లో నెలకొల్పిన సింహాల ముఖాల్లో మూలశిల్పపు ప్రశాంతత ఉందా, రౌద్రం పెరిగిందా అన్న చర్చ దేశమంతటా సాగింది. ఆ చర్చ వృథా కాదు, ఎందుకంటే సింహం ముఖం మారితే, అది ప్రజలతో చెప్పే మాట మారుతుంది.

ఈ గుర్తులన్నిటిలో కరవుసీమ మనసుకు దగ్గరగా ఉండేది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర చిహ్నంలోని పూర్ణఘటం. అమరావతి స్తూపపు రాతిపలకలపై చెక్కిన ఈ నిండుకుండ నోటి నుంచి తామరపూలు పైకి విచ్చుకుంటాయి. ఇందులో కత్తి లేదు, కోర లేదు, భయపెట్టే చూపు లేదు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురం జిల్లాలో, కార్యాలయపు బోర్డు మీద నిండుకుండ ఉండటమంటే ప్రభుత్వం నీటి విషయంలో మాట ఇచ్చినట్టే. రాజుల వరాహం కన్నా ఈ కుండ పెద్ద బాధ్యతను మోస్తున్నది. హంపి పక్కన పారే తుంగభద్ర నీరే ఎగువ కాలువ ద్వారా కణేకల్లు చెరువుకు చేరుతున్నది.